పార్టీ లెక్కనా, పని లెక్కనా, జోడీలుగానా? ఊరికొకరున్న టీమ్‌కు పని పంచే పద్ధతుల పోలిక

మా ఆఫీసు అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మేడ మీద ఒక గది. అందులో కూర్చునేది నేనొక్కడినే. మిగిలిన తొమ్మిది మందీ తాడిపత్రి, గుంతకల్లు, ధర్మవరం, ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరుల్లో ఎవరిళ్లల్లో వాళ్లుండి పని చేస్తారు. చిన్న వ్యాపారులకు (వాళ్లనే మేము పార్టీలంటాం) లెక్కలు రాసిపెట్టడం, జీఎస్టీ రిటర్నులు వేయడం, సరుకు లారీతో ఉండాల్సిన ఈ-వే బిల్లులు ఆన్‌లైన్‌లో తీయడం మా పని. 2020 మార్చిలో లాక్‌డౌన్ మాట వినపడగానే కంప్యూటర్లను ఆటోలకు ఎక్కించి ఇళ్లకు పంపాను. అంతా సర్దుకున్నాక తిరిగి రమ్మంటే వస్తామన్నది ఇద్దరే. ఆ ఇద్దరి కోసం పెద్ద ఆఫీసుకు బాడుగ కట్టడం దండగనిపించి అట్లే వదిలేశాను.

అప్పటి నుంచి పని పంచే తీరు మూడుసార్లు మార్చాను. మొన్న కర్నూలులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్ నడిపే మిత్రుడూ, కడపలో ఆన్‌లైన్ ట్యూషన్లు నడిపే ఒకావిడా వారం తేడాతో ఒకే మాట అడిగారు: "మనుషులు మంచోళ్లే, పనీ వచ్చు. అయినా పొద్దున్నుంచి రాత్రిదాకా నా ఫోను మోగుతానే ఉంటాది. ఎట్ల పంచాలంటావు?" వాళ్లకు ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ వరసగా పెడుతున్నాను. ఉదాహరణలు మా లెక్కల పనివి. మీది వేరే పనైతే ఆ చోట మీ పని పెట్టుకుని చదువుకోండి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

పద్ధతుల పేర్లు చూడకముందే కొలతలు తేల్చుకోవాలి. లేకపోతే మొన్న ఎక్కడ దెబ్బ తగిలిందో దానికి మందులా కనిపించిందే మంచి పద్ధతి అనిపిస్తుంది. నాకు రెండుసార్లు అట్లే జరిగింది.

నేను లేకపోతే ఏది ఆగుతుంది? నా దృష్టిలో మిగతావన్నీ దీని తర్వాతే. ఒకసారి వారం పాటు నాకొచ్చిన ఫోన్లన్నీ నోటు పుస్తకంలో రాసి చూశాను. "ఎట్ల చేయాలన్నా?" అని అడిగినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం "చేయమంటావా అన్నా?" అనే. ఈ బిల్లు తీసుకోవచ్చా, ఆ పార్టీకి రొంత గట్టిగా చెప్పొచ్చా, ఇది రద్దు చేసేయమంటావా. పని వాళ్లకు ఇచ్చాననుకున్నాను గానీ, "చెయ్యి" అనే మాట మాత్రం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. అదే గదిలో కూర్చుని ఉంటే తలెత్తి చూస్తే జవాబు దొరికేది. డెబ్బై కిలోమీటర్ల అవతల ఉన్న మనిషికి అదే ప్రశ్న అరపూట ఆలస్యం.

తప్పు ఇంట్లో దొరుకుతుందా, బయట దొరుకుతుందా? నెల అమ్మకాలు చూపే రిటర్ను జీఎస్టీఆర్-1. అందులో పెట్టిన అమ్మకాలే పన్ను కట్టే రిటర్ను 3బీలోకి వస్తాయి. తప్పుంటే 3బీ వేసేలోపు 1ఏ అనే దిద్దుబాటు ఫారంలో దిద్దుకోవచ్చు. అది దాటాక దొరికితే దిద్దుబాటు వచ్చే నెలకు పోతుంది, వడ్డీ ఉంటే ఏడాదికి 18 శాతం లెక్కన కట్టుకోవాలి. ఏ పనిలోనైనా ఇట్లాంటి గడప ఒకటి ఉంటుంది. తప్పును గడప లోపల పట్టే పద్ధతేదో చూడాలి.

కస్టమరు ప్రశ్న ఎన్ని చేతులు మారుతుంది? ఒక చేయి మంచిది. రెండు పర్వాలేదు. మూడోది వచ్చిందంటే ఆయన నేరుగా మీకే ఫోను చేస్తాడు.

మనిషి మారితే ఎన్ని రోజులు పడుతుంది? మన జిల్లాల్లో ఇంటి నుంచి పని చేసేవాళ్లలో పెళ్లై వేరే ఊరు పోయేవాళ్లు, కాన్పుకు పుట్టింటికి పోయేవాళ్లు, ఉద్యోగం వచ్చి బెంగళూరో హైదరాబాదో ఎక్కేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దీన్ని నష్టంగా కాక, వానాకాలం వచ్చినట్టు ముందే లెక్కలో వేసుకోవాలి.

తాళంచెవులు ఎవరి దగ్గర? పాస్‌వర్డులు, ఓటీపీలు, పార్టీల పాన్ కాగితాలు. పంచే పద్ధతిని బట్టి ఇవి ఇద్దరి దగ్గరుంటాయా, తొమ్మిది మంది దగ్గరుంటాయా అనేది తేలిపోతుంది.

ఎవరెన్ని గంటలు ఆన్‌లైన్‌లో ఉన్నారన్నది మాత్రం ఈ కొలతల్లోకి రానివ్వలేదు. పది నిమిషాలకోసారి స్క్రీన్ ఫొటో తీసే సాఫ్ట్‌వేర్లు అమ్మడానికి నా దగ్గరకూ వచ్చారు. మా పనికి 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అని తేదీలున్నాయి. ఆ తేదీకి రిటర్ను పోయిందా లేదా అన్నదానికంటే ఆ ఫొటోలు నాకేం చెబుతాయి? మౌసు కదపడం నేర్పడానికి తప్ప దేనికీ పనికిరావు.

## పద్ధతి 1: అన్నీ పెద్దనే అడిగి చేయడం

పొద్దున వాట్సాప్‌లో "ఈరోజు నువ్వు ఇది, నువ్వు అది" అని పెడతాం. మధ్యాహ్నం "ఎంతదాకా వచ్చింది?" అని అడుగుతాం. సాయంత్రం మళ్లీ. చాలామంది దీన్ని పద్ధతి అని కూడా అనుకోరు, పని అంటే ఇంతే అనుకుంటారు.

ముగ్గురు, నలుగురి వరకూ ఇదే మేలు. కొత్తగా చేరినవాళ్లు తొందరగా నేర్చుకుంటారు. ఎవరికి ఏది వచ్చో ఏది రాదో మీకు తెలిసిపోతుంది. పాస్‌వర్డులన్నీ మీ చేతిలోనే ఉంటాయి. నేను రెండేళ్లు ఇట్లే నడిపాను.

దెబ్బ ఎక్కడ తగిలిందో చెబుతాను. తాడిపత్రిలో మాకొక బండల పాలిష్ ఫ్యాక్టరీ పార్టీ ఉంది. అక్కడ లారీలు సాయంత్రం లోడవుతాయి, రాత్రి తొమ్మిది, పదికి బయల్దేరతాయి. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు లేకుండా కదలకూడదు. ఆ బిల్లులు తీసే పని గుంతకల్లు అబ్బాయిది. ఒక రాత్రి బెంగళూరు లారీకి బిల్లు తీసి పంపాడు. పదకొండు గంటలప్పుడు మళ్లీ చూసుకుంటే సరుకు విలువలో ఒక సున్నా తగ్గింది. ఈ-వే బిల్లులో లారీ నంబరు మారితే పార్ట్-బీలో మార్చుకోవచ్చు. విలువలాంటివి దిద్దడానికి లేదు. తీసిన 24 గంటల్లోపు రద్దు చేసి కొత్తది తీయాల్సిందే.

అబ్బాయికి ఇదంతా తెలుసు. తెలియనిది ఒక్కటే: నన్నడక్కుండా రద్దు చేయొచ్చా అని. నాకు ఫోను చేశాడు. నేను పెళ్లికని కదిరి పోయి ఉన్నాను, ఫోనులో ఛార్జింగు లేదు. మర్నాడు ఉగ్గాని తింటూ ఫోను ఛార్జింగు పెట్టుకున్నాను గానీ, ముప్పై నలభై మెసేజీల్లో అతనిది కిందికి పోయింది. నేను చూసేసరికి మర్నాడు రాత్రైంది, 24 గంటలూ దాటాయి. లారీని దారిలో ఎవరూ ఆపకపోవడం మా అదృష్టం. ఆపి ఉంటే పన్నుకు రెండింతలు జరిమానా.

ఫ్యాక్టరీ ఓనరు నన్నేమీ తిట్టలేదు. "ఆ పిల్లోనికి తెలిసి కూడా చేయలేదంటే, నువ్వు వాన్ని ఎంత భయపెట్టి పెట్టినావప్పా?" అన్నాడు. నేను భయపెట్టలేదు. ఏది అడగాలో, ఏది అడగక్కర్లేదో ఎప్పుడూ చెప్పలేదు, అంతే. అవతలివాళ్లకు రెండూ ఒకటే.

## పద్ధతి 2: "ఈ పార్టీ నీది"

ఆ పెళ్లి ముచ్చట తర్వాత ఒక్కసారిగా అటు చివరికి పోయాను. పార్టీలను పంచేశాను. ధర్మవరం అమ్మాయికి అక్కడి పట్టుచీరల షాపులు పద్నాలుగు, ఆదోని అతనికి పత్తి వ్యాపారులు, ప్రొద్దుటూరావిడకు బట్టల షాపులు. బిల్లులు రాయడం నుంచి రిటర్ను వేయడం దాకా, పార్టీతో మాట్లాడటం దాకా అంతా వాళ్లదే.

నా ఫోను నెమ్మదించింది. పార్టీలకూ ఇదే నచ్చింది. ధర్మవరం షాపుల వాళ్లు ఆ అమ్మాయిని "మా లెక్కల పాప" అనేవాళ్లు. ఏ సావుకారు బిల్లులు ముందే పంపుతాడో, ఎవరు 9వ తేదీ రాత్రి దాకా నాన్చుతారో ఆమెకు కంఠతా వచ్చు. నిర్ణయం పనితోపాటే పోయింది కాబట్టి "చేయమంటావా అన్నా" అన్న మాట దాదాపు వినపడలేదు. మనిషి ఎదగడానికి ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. ఇద్దరు ఆ ఏడాదిలోనే తమకు తాముగా కొత్త పార్టీలను తెచ్చారు.

ఇందులో గుంటలు రెండున్నాయి. ఒకటి, ఎవరి తప్పు వాళ్లకు కనిపించదు. ఒకరు లారీ బాడుగ మీద రివర్స్ చార్జ్ కింద, అంటే లారీవాళ్లకు బదులు పార్టీయే కట్టాల్సిన పన్నును, చాలా నెలలు వదిలేశారు. రోజూ చూసే కళ్లే కదా, వదిలేసింది వదిలేసినట్టే కనపడింది. రెండోది ఇంకా లోతు. ధర్మవరం అమ్మాయికి కాన్పు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. పద్నాలుగు షాపులనూ నంద్యాల అబ్బాయికి ఇచ్చాను. పాస్‌వర్డులన్నీ ఉన్నాయి, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో డేటా ఉంది, పని వచ్చు. అయినా ఒక షాపుకు ఓటీపీ రావడం లేదు. జీఎస్టీ పోర్టల్లో ఉన్న నంబరు బెంగళూరులో ఉద్యోగం చేసే వాళ్ల కొడుకుదట. ఆ కొడుకు పొద్దున పదికి ముందు ఫోను ఎత్తడట, మీటింగుల్లో ఉంటే మెసేజి పెడితేనే చూస్తాడట. ఇంకో షాపులో అన్నదమ్ములిద్దరికీ రెండు బిల్లు పుస్తకాలట. ఇవన్నీ ఆ అమ్మాయి తలలో ఉన్నాయి. కాగితం మీద ఒక్కటీ లేదు. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న మనిషికి ఫోను చేసి ఓటీపీ గురించి అడగడానికి నాకు మనసొప్పలేదు. మూడు షాపులవి గడువు దాటి వేశాం. రోజుకు 50 రూపాయల లెక్కన ఆలస్య రుసుము నేనే కట్టాను. డబ్బు పెద్దది కాదు. ఆ మూడు షాపుల ముందు మాట పోయింది.

## పద్ధతి 3: "ఈ పని నీది"

అంటే వరుస పని. ఒకరు బిల్లులు ఎక్కిస్తారు. ఇంకొకరు వాటిని 2బీతో, అంటే పార్టీ కొన్నవాటి మీద ఎంత పన్ను తగ్గించుకోవచ్చో చూపే జీఎస్టీ పోర్టల్ పట్టికతో, సరిపోల్చుతారు. మరొకరు రిటర్ను వేస్తారు. ఒకరు పార్టీలకు ఫోన్లు చేస్తారు. ఎవరి తలలోనూ పార్టీ మొత్తం ఉండదు కాబట్టి ఎవరు పోయినా ఆ ఒక్క మెట్టే ఖాళీ అవుతుంది. కొత్తవాళ్లకు ఒక్క మెట్టు నేర్పితే వారంలో పనిలో పడతారు. పాస్‌వర్డులు రిటర్ను వేసే ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకరి తప్పు తర్వాతి మెట్టులో దొరుకుతుంది. కాగితం మీద చూస్తే ఇదే గెలవాలి.

మేము ఐదు నెలలు చేసి వదిలేశాం. 2బీ వచ్చేది 14న. 3బీ గడువు 20. మధ్యలో ఆరు రోజులు. అరవై పైచిలుకు పార్టీల సరిపోల్చే పని ఆ ఆరు రోజుల్లోనే ఇద్దరి మీద పడుతుంది, మిగిలినవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. గుంతకల్లులో ఒక పూట కరెంటు పోతే అందరి పనీ అక్కడే ఆగింది. ఇక పార్టీల సంగతి. ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన తన ఐటీసీ (కొన్నవాటి మీద తగ్గించుకునే పన్ను) ఎందుకు తగ్గిందని అడిగితే, ఫోన్లు చేసే అమ్మాయి సరిపోల్చే అబ్బాయిని అడగమంది, అతను బిల్లులు ఎక్కించినవాళ్లను అడగమన్నాడు. ఆయన నాకు ఫోను చేసి, "మీరంతా ఒక ఆఫీసోళ్లేనా, లేకుంటే బస్టాండులో కలిసినోళ్లా?" అన్నాడు.

కానీ ఇది చెడ్డ పద్ధతని కొట్టిపారేయను. పని ఒకే మూసలో రోజూ సమానంగా వచ్చేచోట, కస్టమరుతో మాటలు తక్కువ ఉండేచోట ఇది చక్కగా నడుస్తుంది. కర్నూలు మిత్రుడి టెస్టింగ్ టీమ్‌లో అట్లాంటి పని సగం ఉంది, ఆ సగానికి ఇదే పెట్టుకోమన్నాను.

## పద్ధతి 4: జోడీలు

ఇప్పుడు మేము చేస్తున్నది. ప్రతి పార్టీకి ఒక యజమాని, ఒక తోడు. యజమాని అంతా చేస్తాడు, పార్టీతో మాట్లాడతాడు, నిర్ణయాలు తనవే. రిటర్ను బయటకు పోయే ముందు తోడు ఒకసారి చూడాలి. యజమాని లేనిరోజు తోడే యజమాని. ఒక పార్టీకి యజమాని అయిన మనిషే ఇంకో పార్టీకి తోడు, నాతో సహా.

చెప్పడానికి తేలిక. నడవాలంటే చిన్న చిన్న జాగ్రత్తలున్నాయి, వాటిల్లోనే అసలు పనంతా ఉంది.

జోడీ ఇద్దరూ ఒకే ఊరివాళ్లు కాకూడదు. ధర్మవరానికి నంద్యాల, గుంతకల్లుకు ప్రొద్దుటూరు. అప్పుడు ఒక ఊళ్లో కరెంటు పోయినా, జాతర వచ్చినా, నెట్ తెగినా రెండోవాళ్లుంటారు. బాగా స్నేహితులైన ఇద్దరినీ కలపొద్దు. చూసినట్టు చూసి "ఓకే" అని పెట్టేస్తారు. మొహమాటం మన దగ్గర పెద్ద జబ్బు. దానికి ఒక విరుగుడు పెట్టాం: తోడు "చూశాను" అని రాయకూడదు. 2బీ తాను తెరిచి, అందులో తనకు కనిపించిన మొత్తం ఐటీసీ అంకెను షీటులో తన చేత్తో వేయాలి. యజమాని వేసిన అంకెతో అది కలవకపోతే ఆ గడి ఎర్రబడుతుంది. అంకె వేయాలంటే చూడక తప్పదు. మొదటి నెలలోనే ఏడు గడులు ఎర్రబడ్డాయి, ఏడూ గడప లోపలే.

ఖర్చు లేకపోలేదు. ప్రతి పార్టీని రెండు జతల కళ్లు చూడాలి కాబట్టి ఒక్కొక్కరు మోసే పార్టీల సంఖ్య తగ్గింది. వరుస పనిలో ఒకరు ఎక్కువే లాగేవారు. అలాగే పాస్‌వర్డులు ఇద్దరిద్దరి చేతుల్లోకి పోయాయి. ఆ కారణానికే ఎవరైనా మానేసిన రోజు సాయంత్రంలోపు వాళ్ల పార్టీలన్నిటి పాస్‌వర్డులూ మార్చాలని ఒక నియమం రాసుకోవాల్సి వచ్చింది. ఓటీపీ ఎలాగూ పార్టీ ఫోనుకే పోతుంది, దాన్ని గ్రూపులో పెట్టనివ్వం. యజమాని ఒక్కరే ఫోనులో అడిగి తీసుకోవాలి.

ఐదోది కూడా ఉంది: ఒక ఊళ్లో చిన్న గది తీసుకుని నలుగురైదుగురిని ఒకచోట కూర్చోబెట్టడం. జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2011లో తమిళనాడు తెన్‌కాశి దగ్గర పల్లెలో ఆఫీసు తెరిచి దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించింది. కొత్తవాళ్లు ఎక్కువగా ఉండి నేర్పాల్సింది చాలా ఉంటే మంచిదే. అయితే అది ఎక్కడ కూర్చోవాలన్నదానికి జవాబు. ఆ గదిలోనూ పని పై నాలుగింటిలో ఏదో ఒక తీరున పంచాల్సిందే.

## ఒకచోట చూస్తే

| కొలత | పెద్దనే అడిగి | పార్టీ నీది | పని నీది | జోడీలు |
|---|---|---|---|---|
| పెద్ద లేకపోతే | చాలా ఆగుతాయి | పెద్దగా ఏదీ ఆగదు | మెట్ల మధ్య తగాదాలు తేలవు | పెద్దగా ఏదీ ఆగదు |
| తప్పు దొరికే చోటు | పెద్ద కంటపడితే లోపల | ఎక్కువగా బయట | తర్వాతి మెట్టులో | గడప లోపల |
| కస్టమరు ప్రశ్న | రెండు చేతులు | ఒకటి | మూడు, నాలుగు | ఒకటి, అరుదుగా రెండు |
| మనిషి మారితే | పెద్ద తలలో ఉంది కాబట్టి తేలిక | నెల, ఒక్కోసారి ఎక్కువ | వారం | వారం, పది రోజులు |
| తాళంచెవులు | ఒక్కరి దగ్గర | ఒక్కో పార్టీవి ఒక్కరి దగ్గర | ఇద్దరి దగ్గర | ఒక్కో పార్టీవి ఇద్దరి దగ్గర |
| ఎంతమందికి | నలుగురి వరకు | నమ్మకమైన పాతవాళ్లకు | మూస పనికి ఎంతమందికైనా | ఆరుగురు మొదలు పన్నెండు దాకా |

రోజులూ మనుషుల లెక్కా మా అనుభవంలోవి. మీ పనికి అవి మారతాయి, వరస మాత్రం పెద్దగా మారదనుకుంటున్నాను.

## ఏ పద్ధతికైనా కావాల్సిన ఒక పేజీ

పంచే తీరు ఏదైనా ప్రాసెస్ రాసి ఉండాలని అందరూ అంటారు. గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మనుషులంతా ఇళ్ల నుంచే పని చేస్తారు. వాళ్ల పని నియమాల పుస్తకం ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకునేలా పెట్టారు. దాన్ని చూసి ఉత్సాహం వచ్చి నేనూ నలభై పేజీలు రాశాను. ఒక్కరూ చదవలేదు. ఇప్పుడు పనికి ఒక్క పేజీ. అందులోనూ "ఎట్ల చేయాలి" తక్కువ, "ఎవరిని అడగాలి" ఎక్కువ. ప్రతి నిర్ణయం పక్కనా మూడింటిలో ఒక ముద్ర ఉంటుంది: "చేసెయ్" (చెప్పక్కర్లేదు), "చేసి చెప్పు", "అడిగి చెయ్యి". ఆ తాడిపత్రి లారీ పుణ్యమా అని రాసిన ఈ-వే బిల్లు పేజీ ఇది:

- ఇన్వాయిస్ ఫొటో వచ్చి లారీ నంబరు రాకపోతే పార్ట్-ఏ (సరుకు వివరాలు) నింపి పెట్టుకో. *చేసెయ్.*
- పంపే ముందు మూడు చూడు: కొనేవాళ్ల జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు (మనది 37, తెలంగాణ 36, కర్ణాటక 29), పిన్‌కోడు, సరుకు విలువలో సున్నాలు.
- లారీ మారిందా? పార్ట్-బీలో మార్చు. *చేసెయ్.*
- మిగతా ఏ తప్పైనా, 24 గంటలు దాటకపోతే రద్దు చేసి కొత్తది తియ్యి, డ్రైవరుకూ పార్టీకీ పంపు. *చేసి చెప్పు.*
- 24 గంటలు దాటిందా, లేక దారిలో అధికారులు బిల్లు చూశారా? రద్దు కాదు. *అడిగి చెయ్యి.* రాత్రి ఎన్ని గంటలైనా ఫోను చెయ్యి. నేను ఎత్తకపోతే తోడుకు చెయ్యి, ఇద్దరూ కలిసి తేల్చండి. అప్పుడు తీసుకున్న నిర్ణయం తప్పైనా నష్టం ఆఫీసుదే.

ఆ ఆఖరి వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అది లేకపోతే పై నాలుగూ ఎవరూ నమ్మరు.

ఏ ముద్ర ఎక్కడ వేయాలో తేలకపోతే రెండు ప్రశ్నలు చాలు. తప్పైతే వెనక్కి తీసుకోవచ్చా? ఆలస్యమైతే ఎక్కువ నష్టమా, తప్పైతే ఎక్కువ నష్టమా? వెనక్కి తీసుకోగలిగినదాన్ని ఎప్పుడూ "అడిగి చెయ్యి"లో పెట్టొద్దు.

## వాట్సాప్, షీటు, బోర్డు

దీని గురించి ఎక్కువ చెప్పను. వాట్సాప్ మాట చెప్పడానికి, షీటు పని నిలబెట్టడానికి. వాట్సాప్‌లో పని అప్పజెబితే అది మధ్యాహ్నానికి గుడ్‌మార్నింగుల కింద పడి ఉంటుంది. మా గూగుల్ షీటులో పార్టీ, యజమాని, తోడు, ఏ దశలో ఉంది అన్న వరసల పక్కన "ఎవరి దగ్గర ఆగింది" అని ఇంకో వరస ఉంది. అన్నిట్లోకీ విలువైనది అదే. "పార్టీ బిల్లులు పంపలేదు" అని రాస్తే చాలదు, ఎవరు ఎప్పుడు మళ్లీ అడగాలో పేరు ఉండాలి. సాఫ్ట్‌వేర్ టీములకు ట్రెల్లోనో జిరానో లాంటి ఆన్‌లైన్ పని బోర్డు అలవాటై ఉంటుంది, అదే వాడుకోండి. లెక్కలు, ట్యూషన్లు లాంటి పనులకు షీటు చాలు, కొత్తది నేర్పడానికి పట్టే టైము దండగ.

పార్టీలు మూడు నిమిషాల వాయిస్ మెసేజీలు పంపుతారు కదా, వాటికి ఒకే నియమం: విన్నవాళ్లు దాన్ని ఒక్క వాక్యంగా షీటులో రాయాలి. లేకపోతే తోడు మళ్లీ ఆ మూడు నిమిషాలూ వినాలి, చెరుకు రసం మిషను మోతతో సహా.

## మీరు ఏ రకం?

మీ దగ్గర ముగ్గురు, నలుగురే ఉండి అందరూ కొత్తవాళ్లైతే మొదటి పద్ధతిలోనే ఉండండి, సిగ్గుపడక్కర్లేదు. కాకపోతే ఒక పేజీ కాగితాలు ఇప్పుడే రాయడం మొదలుపెట్టండి. ఐదోవాళ్లు చేరేనాటికి కావాలి.

కస్టమరుతో బంధమే వ్యాపారమైతే, ట్యూషన్లు, బీమా, పెళ్లి ఫొటోల లాంటివి, రెండోదానికే పోవాలి. కడప ఆవిడకు అదే చెప్పాను: పిల్లవాడి తల్లిదండ్రులకు ఒకే మనిషి గొంతు వినపడాలి. కానీ నెలకొకసారి ప్రతి టీచరూ తన పిల్లల గురించి ఇంకొకరికి గంటసేపు చెప్పాలి, విన్నవాళ్లు రాసిపెట్టాలి. మాకు ఓటీపీ కొడుకు నేర్పిన పాఠం అది.

ఇళ్లల్లో చిన్నపిల్లలున్న ఆడవాళ్లు టీమ్‌లో ఎక్కువగా ఉంటే జోడీలు తప్ప ఇంకేదీ పెట్టొద్దంటాను. మా టీమ్‌లో ఐదుగురు అట్లాంటివాళ్లే. పొద్దున ఎనిమిదికి మీటింగు పెట్టేవాణ్ని మొదట్లో. ఒకావిడ కెమెరా ఆపి, చిత్రాన్నం డబ్బాలో సర్దుతూ హాజరయ్యేది. గరిటె చప్పుడు వినపడేది. ఇప్పుడు పొద్దున మీటింగే లేదు. పది గంటల లోపు ఎవరికి వాళ్లు షీటులో రెండు వాక్యాలు రాస్తారు: నిన్న ఏది బయటకు పోయింది, ఈరోజు ఏది ఆగింది. గురువారం మాత్రం అరగంట అందరం మాట్లాడుకుంటాం, అందులో సగం కబుర్లే. ఆ కబుర్లు కావాలి కూడా. రోజూ ఎదురుపడనివాళ్లకు "ఇది నాకు తెలీదు" అని చెప్పే చనువు అక్కడే వస్తుంది.

బెంగళూరు, హైదరాబాదు కంపెనీల్లో టీమ్ లీడ్‌గా చేస్తూ మన ఊళ్లో కూర్చున్నవాళ్లకు పంచే తీరు మార్చే వీలు ఉండకపోవచ్చు, పైనుంచి వస్తుంది. మూడు ముద్రల కాగితం మాత్రం మీ చేతిలో ఉన్నదే. అదొక్కటి పెట్టుకుంటే రాత్రి ఫోన్లు ఎన్ని తగ్గుతాయో చూడండి.

## మారేటప్పుడు

ఒకేసారి మారొద్దు. నేను రెండో పద్ధతికి ఒక్క నెలలో దూకి చేతులు కాల్చుకున్నాను. జోడీలను మొదట పది పార్టీలతో, అదీ పెద్ద గొడవలు లేనివాటితో మొదలుపెట్టాం. మూడు నెలలకు అన్నీ వచ్చాయి. పాతవాళ్లలో ఒకరికి తన పని ఇంకొకరు చూడటం అవమానంగా తోచింది. "ఇన్నేండ్ల తర్వాత నన్ను చూస్తారా అన్నా?" అన్నాడు. నా పేరు మీద ఉన్న నాలుగు పార్టీలకు అతన్నే తోడుగా వేశాను. మొదటి వారమే నా లెక్కలో తప్పు పట్టాడు. ఆ తర్వాత ఆ మాట రాలేదు.

మారింది నిలబడిందో లేదో చూడటానికి తేదీ జాగ్రత్తగా ఎంచుకోండి. మాకైతే 15, 16, 17 తేదీలు. 2బీ వచ్చేసి ఉంటుంది, 20 దగ్గరపడుతుంటుంది, అందరి చేతులూ పనిలో ఉంటాయి. పోయిన నెల 15న ఫోను ఆపేసి, మా పిన్నమ్మ వాళ్ల ఊరు ముద్దనూరు పోయాను. రెండు రోజులు సంకటి తిని, చెట్టు కింద పడుకున్నాను. నిద్ర పట్టిందని చెప్పను. 17 సాయంత్రం బస్సులో ఫోను తెరిచి షీటు చూస్తే ఎర్రగా ఉన్నవి రెండే గడులు. రెండూ నా పేరు మీద ఉన్న పార్టీలవి, ఒకదాని పక్కన నా తోడు రాసిపెట్టాడు: "అన్నా, నీ అంకె తప్పు. కొత్తది వేసినా. రిటర్ను పంపేసినా. చేసి చెప్తాండా."